ఆకు నిర్మాణము – వృక్ష జీవనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



పత్రము అను మాటకు రెండర్థములు ప్రసిద్ధములు. చెట్టున నుండు ఆకు పత్రమే. వ్రాయబడిన కాగితమును పత్రమే. కాగితము వాడుకలోనికి రాకముందు కొన్ని వందల సంవత్సరములు తెలుగువారి కావ్యములు, శాస్త్రములు, లెక్కలు తాటియాకుల మీదనే గంటముతో వ్రాయబడినవి. తంజావూరు సరస్వతీ మహలునందు నేటికిని భద్రముగా నున్న తెలుగు తాళపత్ర గ్రంథములే ఇందుకు సాక్ష్యము. కావున గ్రంథాలయ రజతోత్సవమున ఆకును గూర్చి ముచ్చటించుట అసందర్భము కానేరదు. అదియునుగాక, వ్యవసాయమే జీవనాధారమైన గ్రామమునందు, ఆకు ఎట్లు పనిచేయునో తెలిసికొనుట వట్టి వినోదము కాదు. పంట పండుటయు, ఎండుటయు ఆ పనిమీదనే ఆధారపడి యున్నవి.

ఒకే ద్వారము – రెండు పనులు

ఏ జీవికైనను బ్రదుకుటకు ఆహారము కావలయును. పశువు మేత ఉన్నచోటికి పోవును. మనుష్యుడు పాటుపడి తెచ్చుకొనును. చెట్టు కదలలేదు. అది నిలిచినచోటనే నిలిచి, మట్టి నుండియు గాలి నుండియు తన కూడు తానే వండుకొనవలయును. ఆ వంటయిల్లు ఆకు. పొయ్యిలోని నిప్పు సూర్యరశ్మి. వండునది పత్రహరితమను ఆకుపచ్చని పదార్థము. వంటకు కావలసిన సంబారములు ముఖ్యముగా రెండు: వేళ్లు తెచ్చి యిచ్చు నీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు. ఈ రెండింటి కలయికవలన చక్కెర తయారగును. మిగిలిన ప్రాణవాయువు వెలుపలికి పోవును. మొక్కలయందలి ఆకుపచ్చని భాగములే, అవియు వెలుతురున్నప్పుడే, గాలిని శుభ్రపరచునని 1779లో ఇంగెన్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగములచే నిరూపించెను.

చిక్కు ఇక్కడనే కలదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లకు నాలుగు పాళ్లకంటె కొంచెము ఎక్కువగా మాత్రమే ఉన్నది. ఇంత పలుచని సరకును పోగుచేసికొనుటకు ఆకు తన తలుపులు బాగుగా తెరవవలయును. కాని ఆకు లోపల తడి. వెలుపల ఎండ, వడగాలి. తలుపు తెరచినంతనే ఆహారపు వాయువు లోనికి వచ్చుచుండగా, అదే త్రోవను నీరు ఆవిరియై వెలుపలికి పోవును. తలుపు తెరచినచో దప్పి, మూసినచో ఆకలి. చెట్టు నిర్మాణమందలి విశేషములలో పెక్కు ఈ ఒక్క చిక్కునకు ప్రకృతి కనుగొన్న సమాధానములే.

ఈ నీటి వ్యయమును శ్రద్ధగా తూచి చూచినవారిలో ఇంగ్లండు దేశస్థుడైన స్టీఫెన్ హేల్సు ప్రసిద్ధుడు. అతడు కుండలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను పెంచి, మట్టినుండి నీరు ఆవిరి కాకుండ కుండకు మూతపెట్టి, కుండను ఉదయ సాయంకాలములందు తూచెను. పగటి 12 గంటలలో సగటున 20 ఔన్సుల నీరు ఆ మొక్కనుండి పోవుచున్నదని 1727లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. సామాన్యముగా వేళ్లు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు మించి ఈ విధముగా గాలిలో కలియును. మొక్క దేహమున నిలుచునది స్వల్పము.

ఆకు లోపలి అమరిక

1665లో రాబర్టు హుక్కు అను శాస్త్రజ్ఞుడు బెండుముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూచి, అందు తేనెపట్టులోని గదులవంటి చిన్న గదులున్నట్లు ప్రకటించెను. వానికే కణములని పేరు. కలిసి ఒక పనిని నెరవేర్చు కణముల సముదాయమునకు కణజాలమని పేరు. ఇంటికి గోడ, దూలము, కిటికీ, కప్పు వేరువేరుగా కావలసినట్లే చెట్టునకును వేరువేరు కణజాలములు కావలయును.

ఆకునందు అన్నిటికంటె పైన నుండునది బాహ్యచర్మము. దానిపై మైనమువంటి పూత యుండును. తామరాకుమీద నీటిబొట్టు అంటక ముత్యమువలె దొర్లుటకు మైనపు పూతయు, దానిపైగల కంటికి కనబడని గరుకుదనమును కారణములు. ఈ పూత లోపలి నీటిని వెలుపలికి పోనీయదు. బూజు తెగుళ్లను సులభముగా లోనికి రానీయదు. బాహ్యచర్మమునకు దిగువ, కంచెకర్రలవలె నిలువుగాను ఒత్తుగాను నిలిచియున్న కణముల వరుస కలదు. పత్రహరితము ఎక్కువగా నుండునది వీనియందే. వెలుతురు మొదట పడునది వీనిమీదనే. దానికి దిగువ వదులుగా అమరిన కణముల పొర కలదు. ఆ కణముల నడుమ సందులు మెండు. లోనికి వచ్చిన వాయువు ఆ సందులలో తిరిగి కణకణమునకు చేరును. వీని నడుమ ఈనెలు వ్యాపించి యుండును. ఈనెలలో ఒక భాగము నీటిని తెచ్చును, ఇంకొక భాగము తయారైన చక్కెరను తీసికొనిపోవును. పొలమునకు బోదెయు, బండిబాటయు ఉన్నట్లే ఆకునకు ఈనెలు.

ఇక ద్వారముల మాట. వీనికి పత్రరంధ్రములని పేరు. చాల చెట్లయందు ఇవి ఎండ తగులని అడుగువైపున ఎక్కువగా నుండును. ఒక చదరపు మిల్లీమీటరు మేర ఆకుపై ఇవి పదుల నుండి కొన్ని వందల వరకు ఉండును. ప్రతి రంధ్రమునకు ఇరువైపుల రెండు రక్షక కణములు కావలి కాయుచుండును. మామిడి, చిక్కుడు మొదలగు మొక్కలలో ఇవి చిక్కుడుగింజ ఆకారమున నుండును. వీని లోపలి అంచు మందము, వెలుపలి అంచు పలుచన. నీరు నిండినప్పుడు పలుచని అంచు ఎక్కువగా సాగి, కణము విల్లువలె వంగును. రెండు విండ్ల నడుమ సందు ఏర్పడును. నీరు తగ్గినప్పుడు కణములు వాలి సందు మూసికొనును. నేల ఎండిపోవునప్పుడు మొక్క దేహమున ఆబ్సిసిక్ ఆమ్లమను పదార్థము పుట్టి, తలుపులు మూయవలసినదని రక్షక కణములకు కబురు అందించును. ఈ విధముగా మొక్క తన నీటిని ఆదాయ వ్యయములు చూచికొను గృహస్థువలె వాడుకొనును.

నేలనుబట్టి నేర్పు

ఎండ తీవ్రముగా నుండు నేలలలో ఈ చిక్కు మరింత బిగియును. అక్కడ మొక్కల ఉపాయములును వింతగానే యుండును. గన్నేరాకు అడుగువైపున చిన్న గుంటలు కలవు; పత్రరంధ్రములు ఆ గుంటలలోపల దాగియుండును. గుంటల నిండ నూగు ఉండుటచేత వడగాలి నేరుగా రంధ్రములను తాకదు. జిల్లేడు ఆకుమీది తెల్లని నూగును, జొన్నకాడమీది బూడిదవంటి మైనపు పొడియు నీటి పొదుపునకు తోడ్పడునవే. నాగజెముడునందు ఆకులు ముండ్లుగా మారినవి. పచ్చని కాండమే వంట చేయును. అది పగలు తలుపులు మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి వాయువును లోనికి తీసికొని నిలువచేసి, మరునాటి పగలు ఎండ వచ్చినపుడు వండుకొనును. టేకుచెట్టు వేసవిలో ఆకులనే రాల్చివేయును. రాల్చుటకు ముందు ఆకుకాడ మొదట ఒక ప్రత్యేకమైన పొర ఏర్పడి, ఆకు తెగిన గాయమును మూయును. ఆకు రాలుట చెట్టు చచ్చుట కాదు. కరవు గడచువరకు ఖర్చు తగ్గించుకొనుట.

వరియు జొన్నయు ఒకే కుటుంబమునకు చెందిన గడ్డిజాతి మొక్కలు. నీరు చాలనప్పుడు రెండింటి ఆకులును చుట్టుకొని గొట్టమువలె అగును. ఆకు పైభాగమున గల కొన్ని పెద్ద కణములు నీరు కోల్పోయి ముడుచుకొనుట ఇందుకు కారణము. కాని లోపలి నిర్మాణమున రెండింటికిని భేదము చాల కలదు. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు ఆకులలో ప్రతి ఈనె చుట్టు పెద్ద కణములు పూలదండవలె అమరియుండును. జర్మను భాషలో దండ అను అర్థమిచ్చు మాటతోనే ఈ అమరికను హాబర్‌లాండ్ అను శాస్త్రజ్ఞుడు 1880 దశకమున వర్ణించెను. దాని ప్రయోజనము చాలకాలము పిమ్మట తెలిసినది. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు చెరకు ఆకులపై పరిశోధన చేసి, ఈ మొక్కలు బొగ్గుపులుసు వాయువును ముందుగా వేరొక రూపమున పట్టి, దండలోని కణములకు చేర్చి, అచ్చట చిక్కపరచి వాడుకొనునని వివరించిరి. అందుచేత తలుపు కొద్దిగా తెరచినను వీనికి ఆహారము చాలును. ఒక కిలో ఎండుపదార్థము తయారగుటకు వరివంటి మొక్కలకు కావలసిన నీటిలో ఇంచుమించు సగముతోనే ఇవి నెట్టుకొని రాగలవు. రాయలసీమ, తెలంగాణముల మెట్టపొలములలో జొన్న, సజ్జలు తరతరములుగా నిలిచియుండుటకు ఇది యొక ముఖ్యకారణము.

వరి నేర్పు వేరు. నీరు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. అందుచేత వరి కాండమునందును వేళ్లయందును గాలి నడచు గొట్టములున్నవి. ఆకులనుండి ప్రాణవాయువు వేళ్లకొనలవరకు దిగిపోవును. తామర తూడులోని రంధ్రములును ఇట్టివే. ఈ ఏర్పాటు చాలని పైరులోనికి నీరు చేరి నిలిచినచో వేళ్లకు ఊపిరాడక పైరు పసుపుబారును. ఒక పైరునకు ప్రాణమైన నీరే ఇంకొక పైరునకు గండమగుట ఇందువలననే.

నీరు ఎక్కు త్రోవ

వేళ్లకొనల దగ్గర సన్నని నూగు ఉండును. ఒక్కొక్క నూగుపోగు ఒక్కొక్క కణముయొక్క పొడిగింపు. నీటిని పీల్చు పనిలో ప్రధానమైనది ఇదియే. 1937లో అమెరికాలో డిట్మర్ అను శాస్త్రజ్ఞుడు నాలుగు నెలల వయసుగల ఒక్క రై గడ్డిమొక్క వేళ్లను లెక్కింపగా, వేళ్ల మొత్తము పొడవు 600 కిలోమీటర్లకు మించినది. నూగుపోగుల సంఖ్య సుమారు 1400 కోట్లు. నారు పెరికి నాటినప్పుడు మొక్క వాడుటకు కారణము ఇందులోనే కలదు. పెరుకునపుడు ఈ నూగు చాలవరకు తెగిపోవును. ఆకులు మాత్రము నీటిని ఖర్చుచేయుచునే యుండును. మిరప, వంగ నారును సాయంకాలము నాటుటయు, వేళ్లచుట్టు మట్టిబెడ్డ నుంచుటయు, ముదిరిన వరినారు కొనలు త్రుంచుటయు, పెద్దలు అనుభవముచే కనుగొన్న పద్ధతులు. వీనిని శాస్త్రము సమర్థించుచున్నది.

వేళ్లు పీల్చిన నీరు తాడెత్తు చెట్టు చివరవరకు ఎట్లు ఎక్కును? అది ఎక్కు త్రోవ దారువు, అనగా చేవకు వెలుపలనున్న చెక్కభాగమందలి సన్నని గొట్టములు. పని ప్రారంభించు సమయమునకు ఆ గొట్టముల కణములు చచ్చియే యుండును. గట్టి గోడలు మాత్రము మిగులును. 1890 దశకపు ప్రారంభమున స్ట్రాస్‌బర్గర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నరికిన పెద్ద చెట్ల మొదళ్లను విషద్రావకములలో నిలిపి, కాండమందలి జీవకణములు చచ్చినను ద్రావకము పైకెక్కుచునే యున్నట్లు చూపెను. 1894లో డిక్సన్, జోలీ అను ఐర్లండు శాస్త్రజ్ఞులు దీనికి కారణము చెప్పిరి. ఆకునుండి ఆవిరియైపోవు నీరు తన వెనుక నున్న నీటిని లాగును. నీటికణికలు ఒకదానినొకటి విడువక గొలుసువలె పట్టుకొని యుండుటచేత ఆ లాగుడు వేళ్లవరకు అందును. ఆ విధముగా ఖర్చగు నీరే మిగిలిన నీటిని పైకెత్తుచున్నది, నేలలోని లవణములను ఆకునకు చేర్చుచున్నది, ఆకును చల్లబరచుచున్నది.

మధ్యాహ్నపు ఎండలో ఆకులు వాలి, రాత్రికి కోలుకొని, తెల్లవారునప్పటికి నిటారుగా నిలిచిన మొక్కకు అంత ప్రమాదము లేదు. ఖర్చు కొంతసేపు ఆదాయమును మించినది, అంతియే. తెల్లవారుజామునను వాలియున్న మొక్కకు మాత్రము వెంటనే నీరు కావలయును. పైరును చూచుటకు ఉదయమే తగిన సమయము.

ఆహారము దిగు త్రోవ

ఆకునందు తయారైన చక్కెర బెరడు లోపలివైపునగల మెత్తని పొరగుండ వేళ్లకును, కాయలకును, చిగుళ్లకును పోవును. ఆ పొరకు పోషక కణజాలమని పేరు. తాటిచెట్టు గెలను గీయుచుండగా లొట్టిలోనికి దిగు తియ్యని రసము ఈ పొరనుండి వచ్చునదే. అందు నూటికి 10 నుండి 15 పాళ్ల వరకు చక్కెర యుండును. గీతకార్మికుడు ప్రతిదినము గెలకొనను పలుచగా చెక్కుచుండవలయును. లేనిచో చెట్టు తన గాయమును తానే మూసికొనును.

ఇటలీ దేశస్థుడైన మాల్పీగీ 1670 దశకమున ఒక ప్రయోగము వర్ణించెను. కొమ్మచుట్టు వలయాకారముగా బెరడు తీసివేయగా, ఆ వలయమునకు పైభాగమున కొమ్మ ఉబ్బినది. పైనుండి దిగు ఆహారము అచ్చట ఆగిపోయినదన్నమాట. నీరు లోపలి చెక్కగుండ ఎక్కుచుండుటచేత ఆకులు కొంతకాలము పచ్చగానే యుండును. కాని వేళ్లు ఆకలిచే క్రమముగా చచ్చును. పిదప చెట్టంతయు ఎండును. చెట్టు మొదటిచుట్టు బెరడు ఒలిచినవాడు గొడ్డలి పెట్టకయే దానిని చంపినవాడగును. బట్టలు ఆరవేయుటకై పడుచుచెట్టునకు బిగించి మరచిన ఇనుపతీగయు, చెట్టు లావెక్కినకొలది బెరడులోనికి దిగి, ఇదే హాని చేయును. పొలములలో గడ్డి కాల్చునప్పుడు మంట గట్టుమీది చెట్టు మొదలును చుట్టుకొన్నచో, పైకి బెరడు నల్లబడినట్లు మాత్రమే కనబడును. లోపలి పలుచని సజీవమైన పొర ఉడికిపోవును. ఆరు నెలలకో, సంవత్సరమునకో చెట్టు ఎండగా దానికి చీడ పట్టినదని జనులు చెప్పుకొందురు.

పెరుగుదల

చెట్టు దేహమంతటను ఒకే రీతిగా పెరుగదు. వేరుకొన, చిగురుకొన, బెరడునకును చెక్కకును నడుమనున్న సన్నని పొర – పెరుగుదల ముఖ్యముగా ఈ చోట్లనే జరుగును. వీనికి విభాజ్య కణజాలములని పేరు. నడిమిపొర లోపలివైపునకు చెక్కను, వెలుపలివైపునకు పోషక కణజాలమును పుట్టించుచు చెట్టును లావు చేయును. మామిడిఅంటు కట్టువాడు చేయు పని ఈ పొరను ఈ పొరతో కలుపుటయే. మొదలుమొక్క పొరయు, కొమ్మ పొరయు ఒరసికొని, గాలి, తడి చొరకుండ గట్టిగా కట్టబడినచో రెండు దేహములు ఒకటియగును. బంగినపల్లి మామిడి తన రుచి చెడకుండ తోటనుండి తోటకు వ్యాపించినది ఇట్టి అంటులవలననే.

తాడి, కొబ్బరి చెట్లకు ఈ నడిమిపొర లేదు. అందుచేతనే వానికి అంటుకట్టుట సాధ్యము కాదు. మ్రానిమీద ఎక్కుటకు కొట్టిన గంట్లు ఎన్నడును పూడవు. వానికి పైకి పెరుగు చోటును ఒక్కటే, అదియే మొవ్వు. ఎర్రముక్కు పురుగు మొవ్వును తొలిచినచో వేరొక కొమ్మతో కోలుకొను అవకాశము లేదు. కావున కొబ్బరితోటలో కొమ్ముపురుగు చేసిన రంధ్రములను తొలినాడే కనిపెట్టవలయును. ఆ గాయముల వాసనకే ఎర్రముక్కు పురుగు చేరును.

నిలబడుటకు బలమిచ్చునది నారకణజాలము. జనుము, గోగు కట్టలను నీటిలో ఊరవేసినప్పుడు మెత్తని కణజాలము కుళ్లి పోవును; గట్టిగోడల నారపోగులు మాత్రము నిలుచును. తాటియాకునందును ఇట్టి పోగులే ఈనెల వెంట సాగియుండును. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేయగా మిగిలిన ఆ బలమే గ్రంథములను తరములు దాటించినది.

తెలిసినవారి బాధ్యత

కదిరి సమీపమునగల తిమ్మమ్మ మర్రిమాను సుమారు ఐదు ఎకరముల మేర వ్యాపించి, 1989లో గిన్నిసు గ్రంథమునకెక్కినది. ఒక్కొక్క ఊడ నేలకు దిగి, వేరై, విభాజ్య కణజాలముచే లావెక్కి, మ్రానై కొమ్మలను మోయుచున్నది. మహబూబునగరు సమీపమునగల పిల్లలమర్రి చెదలచే లోపల తినబడి, 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలినది. 2018లో అటవీశాఖవారు రోగికి సెలైను ఎక్కించినట్లు చెట్టునకు సీసాలు వ్రేలాడదీసి, పలుచని పురుగుమందును చుక్కచుక్కగా చెక్కలోనికి ఎక్కించిరి. కొమ్మలకు స్తంభములు నిలిపిరి. దారువు నీటిని మోయునను జ్ఞానమే ఆ చికిత్సకు ఆధారము.

అట్టి చికిత్స ప్రతి గ్రామపు ప్రతి చెట్టునకు లభింపదు. కాని చెట్టు మొదట మంట పెట్టకుండుటకు, తీగ బిగింపకుండుటకు, బెరడు చుట్టును ఒలువకుండుటకు ధనముతో పనిలేదు, తెలిసియుండిన చాలును. పెద్ద చెట్టుయొక్క ప్రాణము దాని లావైన మ్రానునందు లేదు. గోరుతో గీచినచో కనబడు పలుచని తడిపొరయందును, కంటికి కనబడని వేరునూగునందును, ఆకు అడుగున తెరచుచు మూయుచు నుండు సూక్ష్మద్వారములందును కలదు.

గ్రంథాలయమున పుస్తకములతోపాటు ఒక మంచి భూతద్దమును, గ్రామమున పెరుగు చెట్ల ఆకులను ఆరబెట్టి పేర్లతో అతికించిన ఒక పుస్తకమును ఉంచుట కష్టమైన పని కాదు. బాలబాలికలు సెలవుదినములలో ఆకులు తెచ్చి, ఈనెలు చూచి, పేర్లు వ్రాసినచో, అచ్చుపుస్తకమున చదివిన చదువు పొలముగట్టున కూడ అక్కరకు వచ్చును. ఇరువదియైదు సంవత్సరములు జ్ఞానమును పంచిన సంస్థకు రానున్న సంవత్సరములలో ఇదియు ఒక తగిన సేవ కాగలదు. గ్రంథాలయము వేరూని, శాఖలు చాచి, ఊరివారికందరికి నీడనిచ్చు గాక.